బుడగలు ఆగొద్దు

గంగాళంలో మొహం ముంచడం తప్పా కాదా అన్న దాని మీద ఆ రోజు పొద్దున్నే మా ఇంట్లో గొడవ మొదలైంది.

ఆ గంగాళం మా అత్తమ్మ అమృతమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. రాగిది. శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తానే తోముతుంది, ఆ పని నాకు కూడా అప్పగించదు. ఇంట్లోకి గీజరు వచ్చి ఎన్నేళ్లయినా ఆమె స్నానం నీళ్లు అందులోనే కాగాలి. అలాంటి గంగాళంలో మా మామయ్య దశరథం, కళ్లూ ముక్కూ కలిపి కప్పే పెద్ద రబ్బరు అద్దాలు పెట్టుకుని, చెవుల దాకా తల ముంచి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి నిలబడ్డాడు.

"స్నానం నీళ్లల్ల మూతి పెడితివి! ఇగ అవి ఎవలు పోసుకోవాలె?" అంది అత్తమ్మ.

మామయ్య తల ఎత్తకుండానే, ఆగమన్నట్టు ఒక వేలు చూపించాడు. ఆమె ఆగలేదు. చెంబుతో గంగాళం అంచు మీద ఠంగుమని కొట్టింది. మామయ్య నీళ్లు కారుతూ లేచాడు.

"లెక్క తప్పిచ్చినవు గదనే! ఇంకా శానా సేపు ఊపిరి ఆపెటోన్ని."

"లెక్కలు జేస్తానికి నువ్వేమన్న పట్వారివా? బాయిల దిగినోనివి పోయి బాయిలనే ముంచు నీ మొకం."

"బాయేడుంది? మన బాయి మీద విమానాలు దిగవట్టె."

"గయితే పోయి విమానం కిందనే ముంచు."

నేను నీలం ప్లాస్టిక్ టబ్బు నింపి తెచ్చి పెరట్లో పెట్టాను. మామయ్య దాన్ని ఒకసారి చూసి, "గిండ్ల నా తల వడతదా?" అన్నాడు. పట్టింది. గొడవ అప్పటికి అలా ముగిసింది.

అది రెండు వేల పన్నెండు వానాకాలం. మా ఆయన రవీందర్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. డిసెంబర్‌లో అందరం అండమాన్ పోదామని, చెన్నై మీదుగా టికెట్లు చూస్తున్నానని ఆ వారమే చెప్పాడు. అత్తమ్మ ఎండాకాలం కొన్న కొత్త చీరల గురించి ఆలోచించింది. మామయ్య మాత్రం టీవీలో సముద్రం అడుగున కూర్చున్న మనుషుల్ని చూసి, "నేను గట్ల దిగుత," అన్నాడు.

ఆయన ఊరికే అన్న మాట కాదు. చుట్టుపక్కల ఊళ్లలో బిందె పడినా, మోటరు జారినా, బాయిలో దిగి తీసుకురావడానికి ఆయన్నే పిలిచేవారట. ఒక్క ఊపిరితో అడుగు తాకి వచ్చేవాడని, పైన ఉన్నవాళ్లు భయపడి దండం పెట్టుకునేదాకా వచ్చేవాడు కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. బాయి ఎయిర్‌పోర్టు కాంపౌండు గోడ లోపలికి పోయిన నాటి నుంచి ఆయన నీళ్లలోకి దిగలేదు. దాని గురించి ఎప్పుడూ బాధపడుతూ మాట్లాడలేదు కూడా. అందుకే, దిగుతానన్నప్పుడు ఆ గొంతులోని ఆత్రం విని మేమంతా కొంచెం ఆశ్చర్యపోయాం.

మా వీధి చివర, చర్చి పక్కింట్లో డోర్కాస్ అనే అమ్మాయి ఉంది. కొన్నేళ్లుగా అండమాన్‌లో టూరిస్టులకు డైవింగ్ నేర్పే పని చేస్తోంది. వానాకాలం అక్కడ సముద్రం బాగుండదు, పని ఉండదు. అమ్మ దగ్గరికి వస్తుంది. వచ్చినప్పుడు షాద్‌నగర్ వైపు హైవే పక్కన ఒక రిసార్టు ఈతకొలనులో పొద్దున పూట క్లాసులు చెబుతుంది. అడిగితే నేర్పుతానంది కానీ, ముందు మామయ్యను డాక్టరుకు చూపించమంది. డాక్టరు చూసి, "ముప్పై ఏళ్లోని గుండె పెద్దాయనది," అన్నాడు. పక్కనే కూర్చున్న రవీందర్‌ను కూడా చూసి, సైనస్ ఉన్నవాడివి నువ్వు మాత్రం దిగకు అన్నాడు.

మొదటి రోజు నేను పోయింది తువ్వాళ్లు, ఇడ్లీలు పట్టుకుని.

"బాపూ, అన్నిటికంటె ముందు ఒక్క మాట," అంది డోర్కాస్. సన్నగా, ఎండకు కమిలి, మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుని ఉంటుంది. "నీళ్లల్ల ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు. ఇంకేదన్న మర్చిపో, ఇది మర్వకు."

"ఊపిరి ఆపకుంటె మునుగుడెట్లనే బిడ్డా?"

"అందుకే గద సిలిండరు. పీల్చుకుంట, ఇడుసుకుంట ఉండాలె. సరే, నీ జోడీ ఎవలు?"

"జోడీ ఏంది, నాకు పెండ్లి జేస్తవా మల్ల?"

"నీళ్లల్లకు ఒక్కలే దిగరు బాపూ. ఒకరి సామాను ఒకరు సూస్కోవాలె. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉండాలె. అక్కడ సముద్రంల నేనుంట నీకు జోడీ. ఇక్కడ నేర్చుకునేటప్పుడు ఇంకొకరు కావాలె."

ఇద్దరూ నా వైపు చూశారు. నా చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"నాకు ఈత రాదు," అన్నాను.

"రాకుంటేనే మంచిదక్కా. పాత అలవాట్లుండయ్."

ఆమె దగ్గరున్న ఇంకో నల్ల డైవింగ్ సూటు వేసుకుని, దాని మీద నా పాత చుడీదార్ టాపు తొడుక్కుని దిగాను. దిగేముందు ఒకరి పట్టీలు ఒకరు చూసుకోవాలంది. మా వంటింట్లో లాగే దీనికీ సిలిండరు, రెగ్యులేటరు ఉన్నాయి. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టానా లేదా అని రెండుసార్లు చూసే మనిషిని. మామయ్య నడుముకు కట్టిన బరువుల బెల్టు ఒక చోట మెలి తిరిగి ఉంది. విప్పి సరిగ్గా కట్టాను. డోర్కాస్ అది చూసింది.

నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాక మొదట భయమేసింది. తర్వాత నా ఊపిరి నాకే వినిపించింది. లోపలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు గుడగుడమని బుడగలు. టీవీ, కుక్కరు, నెత్తి మీద విమానాలు, వీటి మధ్య ఉండే ఇంట్లో ఎవరి ఊపిరి ఎవరికి వినిపిస్తుంది? ఆ కాసేపు నాకు ఇంకే పనీ లేదు. పీల్చడం, వదలడం.

మామయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. రాయిలా, హాయిగా. కానీ ఆయన దగ్గర బుడగలు లేవు. చాలాసేపటికి ఒక చిన్న గుత్తి వచ్చేది, మళ్లీ ఆగిపోయేది.

పైకి వచ్చాక గాలి ఎంత మిగిలిందో చూపించే మీటరు పట్టుకుని మురిసిపోయాడు. "సూడు బిడ్డా, నాది ముల్లు కదల్లేదు. కోడలు జూడు ఎంత ఖర్సు జేసిందో!"

డోర్కాస్ నవ్వలేదు. "బాపూ, ఈడ మిగిలిచ్చినోన్ని ఎవ్వలు మెచ్చుకోరు. ఖర్సు పెట్టాలె. మంజులక్క జేసిందే కరెక్టు."

గాలి కూడా పొదుపు చేయకూడని చోటు ఒకటి ఉంటుందని మామయ్యకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం వాన పడుతోంది. నేను పప్పు కడుగుతుంటే వంటింటి గడప మీద కూర్చుని మెల్లగా అడిగాడు.

"బాయిల కెల్లి ఊపిరి బిగవట్టే గద వస్తుంటి. నాకేమన్న అయిందా? గిప్పుడేమైతదంట?"

డోర్కాస్ చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెప్పాను. బాయిలో దిగేవాడు పైగాలి ఒక్క గుండెనిండా పట్టుకుని పోతాడు. కింద నీళ్లు దాన్ని నొక్కుతాయి, పైకి రాగానే అది మళ్లీ మొదట ఉన్నంతే అవుతుంది. సిలిండరు గాలి అలా కాదు. నొక్కుడు పడిన గాలినే అడుగున గుండెనిండా పీలుస్తాం. పైకి వస్తుంటే అది ఉబ్బుతుంది. నోరు మూసుకుంటే ఎటు పోవాలి?

"కుక్కర్ విజిల్‌కు పప్పు అడ్డం పడితే ఏమైతది మామయ్యా?"

మామయ్య కంటే ముందు అత్తమ్మ తల ఎత్తి వంటింటి కప్పు వైపు చూసింది. అక్కడ అరచేయంత పసుపు మరక ఉంది. రెండుసార్లు సున్నం వేసినా పోలేదు.

"అగో, గట్లయితది," అంది. "నీ గుండె గూడ గిట్లనే సల్లుకుంటది. నేను తుడువ, చెప్తున్న."

మామయ్య ఆ మరకను చాలాసేపు చూశాడు.

మర్నాటి నుంచి ఇంట్లో కొత్త చప్పుడు మొదలైంది. నీళ్లలో ఊపిరి వదలడం గుర్తుండాలంటే ఏదో ఒక రాగం తీస్తూ ఉండమని డోర్కాస్ చెప్పింది. మామయ్యకు వచ్చింది చిన్నప్పుడు ఎడ్లతో మోట తోలుతూ పాడిన కూనిరాగం ఒక్కటే. టబ్బులో మొహం పెట్టి అదే తీసేవాడు. పేపరు చదువుతూ తీసేవాడు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం టీవీలో చూస్తూ, అందరూ లక్షల గురించి అరుస్తుంటే, ఈయన ఒక మూల "ఊఁ" అని రాగం సాగదీశాడు.

"ఎడ్లు లేవు, మోట లేదు, పాటొక్కటి మిగిలింది," అంది అత్తమ్మ. కానీ ఆమె వంటింట్లో అదే రాగం తీస్తుంటే నేను రెండుసార్లు విన్నాను.

ఒకసారి కొత్వాల్‌గూడ వైపు పోయి హిమాయత్‌సాగర్ చెరువులో దిగి చూస్తానన్నాడు. డోర్కాస్ చేతులు జోడించి, "బాపూ, నీ కాళ్లు మొక్కుత, ఆ మాటనకు," అంది. దాంతో మానుకున్నాడు.

నాకు ఆ పొద్దుటి పూటలు అలవాటయ్యాయి. డోర్కాస్ ఇచ్చిన పుస్తకం పప్పు ఉడికేలోపు రెండు పేజీలు, బట్టలు ఆరేశాక రెండు పేజీలు చదివేదాన్ని. అందులో ఒక చోట, డైవ్ చేశాక ఒక పూర్తి రోజు గడవకుండా విమానం ఎక్కకూడదని ఉంది. రవీందర్ తయారు చేసిన ప్రయాణంలో చివరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం విమానం. ఆ సంగతి చెప్పాను.

"ఇంకొక్కరోజు లీవు ఎవడిస్తడు మంజులా? రోజూ విమానాల మధ్యన్నే ఉంట, నాకు తెల్వదా?"

"విమానం సంగతి మీకు తెలుసు. ఒంట్లో గాలి సంగతి వేరు," అన్నాను.

చూద్దాంలే అన్నాడు. నేను కూడా ఎక్కువ పొడిగించలేదు. దిగేది మామయ్య ఒక్కడే. నేను ఇక్కడ నేర్చుకునేంత వరకే జోడీ. సముద్రంలో నీకు కూడా దిగాలని ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెబుతానో నాకు తెలుసు. ఎవరూ అడగనప్పుడు నేనుగా చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. ఒకసారి అత్తమ్మే, "ఆయనంటే బాయిల పుట్టిండు. ఆడిమనిషివి, నీకు సముద్రంల ఏం పని?" అని తనకు తానే జవాబు చెప్పుకుంది.

వినాయక నిమజ్జనం అయిన తర్వాతి వారం, కొలనులో లోతు ఎక్కువున్న వైపు దిగాం. మామయ్య బాగా చేస్తున్నాడు. బుడగలు ఆగకుండా వస్తున్నాయి, రాగం కూడా నీళ్లలోంచి సన్నగా వినిపిస్తోంది. డోర్కాస్ సంతోషంగా వేళ్లు సున్నా చుట్టి చూపించింది. బాగుంది అని దానర్థం. తర్వాతి పాఠం అద్దాల్లోకి నీళ్లు వస్తే ముక్కుతో ఊది ఖాళీ చేయడం. నేను చేశాను. మామయ్య అద్దాలు కొంచెం ఎత్తాడు. నీళ్లు ఒక్కసారిగా నిండాయి.

రాగం ఆగింది.

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బుగ్గలు బిగుసుకున్నాయి. ఒక్క బుడగ లేదు. రెండు కాళ్లతో అడుగును తన్ని పైకి లేచాడు, బిందె దొరికినవాడు లేచినట్టు.

నేను పక్కనే ఉన్నాను. ఏం చేయాలో ఆలోచించిన గుర్తు లేదు. ఆయన సిలిండరు పట్టీ నా చేతిలో ఉంది, వదల్లేదు. అవతలి వైపు నుంచి డోర్కాస్ వచ్చి అరచేత్తో ఆయన పొట్ట మీద నొక్కింది. నేను ఆయన మొహానికి ఎదురుగా నా బుడగలు వదిలాను. అవి తగిలాయో, ఆ చెయ్యి తగిలిందో, ఆయన నోటి నుంచి ఒక పెద్ద గుత్తి ఎగిరింది. ముగ్గురం కలిసి మెల్లగా పైకి వచ్చాం.

గట్టు పట్టుకుని మామయ్య దగ్గాడు. దగ్గి, నవ్వాడు. డోర్కాస్ ఆయన ఛాతీలో నొప్పి ఉందా, తల తిరుగుతోందా అని అన్నీ అడిగింది. ఏమీ లేదన్నాడు. అయినా వదలకుండా డాక్టరు దగ్గరికి పోదామంది. దారి పొడుగునా ఆయన నాకు ఒక్క మాటే చెప్పాడు.

"నేను ఆపలే మంజులా. అదే ఆగింది."

డాక్టరు చూసి అంతా బాగానే ఉందన్నాడు. బయట బండి దగ్గర డోర్కాస్ మామయ్య చేయి పట్టుకుంది.

"ఇంకా టైముంది బాపూ. ఇంకా నేర్పుత. రోజూ వస్తనంటే రోజూ నేర్పుత. వద్దనుకుంటే వద్దు. మా పనిల ఒక పద్ధతుంది. ఎవలన్న, ఎప్పుడన్న, నేను దిగ అంటే, ఎందుకని అడగం. ఎక్కిరియ్యం. పడవ ఎక్కినంక అన్నా గంతే, సముద్రంల సగం దూరం పోయినంక అన్నా గంతే."

మామయ్య తల ఊపాడు.

ఆ వారం ఆయన టబ్బు దగ్గరికి పోలేదు. రాగం తీయలేదు. అలాగని దిగులుగా కూడా లేడు. పెరట్లో బెండకాయ మొక్కలకు కలుపు తీశాడు. ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి, దిగుతున్న విమానాలను చూస్తూ నిలబడ్డాడు. అత్తమ్మ ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని విసుక్కుంది.

ఆదివారం మధ్యాహ్నం కోడికూర, జొన్నరొట్టెలు. రవీందర్‌కు సెలవు. నలుగురం కింద చాప మీద కూర్చున్నాం. అత్తమ్మ వేడి వేడి రొట్టె మామయ్య పళ్లెంలో వేసింది. ఆయన దాన్ని తుంచలేదు.

"నేను సముద్రంల దిగ," అన్నాడు.

రవీందర్ తింటున్న చేయి ఆగింది. "ఏంది బాపూ? డాక్టరు మంచిగనే ఉందన్నడు గద! అన్నీ బుక్ జేసిన."

"మంచిగనే ఉంది. అయినా దిగ."

"అదే ఎందుకంటున్న..."

"గట్ల అడగొద్దు. డోర్కాస్ చెప్పలే? దిగ అన్నోన్ని ఎందుకని అడగొద్దు. ఎక్కిరియ్యొద్దు." ఆ చివరి మాట అత్తమ్మ వైపు చూసి అన్నాడు.

అత్తమ్మ నోరు తెరిచింది. నిజంగానే ఏదో వచ్చింది నోటి దాకా. మూసుకుని, ఆయన పళ్లెంలో ఇంకొంచెం కూర వేసింది.

"నా జాగల మంజుల దిగుతది," అన్నాడు మామయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. "దిగుతవా బిడ్డా? దిగ అంటే నిన్ను గూడ అడగ."

ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. గంటె నా చేతిలో ఉంది. పక్కన పెట్టాను.

"దిగుత మామయ్యా," అన్నాను. "కానీ చివరి రోజు కాదు. దిగినాక ఒక రోజు పూర్తిగా నేల మీద ఉండాలి. టికెట్లు ఒక రోజు వెనక్కి జరిపితేనే దిగుత."

రవీందర్ వాళ్ల నాన్నను చూశాడు, నన్ను చూశాడు. "లీవు..." అని మొదలుపెట్టాడు.

"అడుగు. నీ నోట్లె ఏమన్న రొట్టె ఇరికిందా? రేపే పోయి అడుగు," అంది అత్తమ్మ. "ఆ ఒక్కరోజు మనం కొట్లు తిరుగుదాం. ముత్యాలు దొరుకుతయట ఆడ."

రవీందర్ నవ్వి, అడుగుతానన్నాడు. మామయ్య రొట్టె తుంచి కూరలో ముంచాడు. రెండు ముద్దలు తిన్నాక, ఆ రోజంతా చెప్పాలనుకున్నది అప్పుడు గుర్తొచ్చినట్టు అన్నాడు.

"నేను పడవల కూసుంట. నువ్వు ఏడికి పోయినవో పైన బుడగలను వట్టి తెలుస్తదట, డోర్కాస్ చెప్పింది. సూసుకుంట ఉంట. అవి ఆగొద్దు మంజులా."

"ఆగవు మామయ్యా."

అత్తమ్మ నా పళ్లెంలో రొట్టె వేసింది. "రేపటి సంది ఆ ప్లాస్టిక్ టబ్బు తియ్యి, అండ్ల పాచి వట్టింది," అంది. "నీళ్లు పొయ్యి మీద పెట్టకముందు గంగాళంల ముంచుకో నీ మొకం. మల్ల ఒక్క సుక్క గూడ కింద పడొద్దు."